ఇద్దరం కలిసి చూసిన మూడు నగరాలు

మా బాల్కొండ ప్రాంతంలో విమానం వింత వస్తువు కాదు. ఆర్మూరు, బాల్కొండ, బోధన్ వైపు ఏ ఊరికి వెళ్ళినా బీరువాలో బట్టల కింద ఒక పాస్‌పోర్టు దాచి ఉంటుంది. అది ఇంటాయనదో, పెద్దకొడుకుదో అయివుంటుంది. దుబాయి, మస్కటు, బహ్రెయిన్, సింగపూరు అనే పేర్లు చిన్నపిల్లలకు సైతం తెలుసు. శంషాబాదు విమానాశ్రయం వరకు వెళ్ళి కన్నీళ్ళతో సాగనంపే తల్లులు, భార్యలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. ఆ అద్దాల తలుపు దాటి లోపలికి వెళ్ళినవారు మాత్రం చాలా తక్కువ.

అందుకే 2024 జనవరిలో నేను, నా భార్య విదేశయాత్రకు బయలుదేరుతున్నామని చెప్పినప్పుడు, ఊరివారు అడిగిన మొదటి ప్రశ్న "ఏం కంపెనీ అయ్యగారూ?" అని. పనికి కాదు, చూడడానికి అన్నాను. "చూసెతందుకా?" అని ఆశ్చర్యపోయారు. ఆ తరువాత ఇంకా మెల్లగా, "అమ్మగారు కూడనా?" అన్నారు. ఈ మూడో ప్రశ్నే నా మనస్సులో నిలిచిపోయింది. ప్రియ పాఠకులారా, మా యాత్రా విశేషాలతోపాటు ఈ ప్రశ్నను గురించి కూడా రెండు మాటలు మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాను.

డబ్బు ఎక్కడిది?

పల్లెటూరి పాస్టరుకు విదేశయాత్రకు డబ్బు ఎక్కడిదని మీలో కొందరికైనా సందేహం కలుగుతుంది. అది న్యాయమైన సందేహమే. నా భార్య కుట్టుమిషను మీద జాకెట్లు, పిల్లల గౌన్లు కుడుతుంది. అయిదేళ్ళ క్రితం నెలకు వెయ్యి రూపాయల చొప్పున పోస్టాఫీసులో డిపాజిట్టు మొదలుపెట్టింది. దేనికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. గడువు తీరి వడ్డీతో సహా చేతికి వచ్చిన రోజున, "మన పెళ్ళయి ఇరవై ఏండ్లయింది. ఒక్కసారి బయటి దేశం చూద్దామండీ" అన్నది. జాకెట్టు కొలతలిచ్చేందుకు వచ్చే ఆడవాళ్ళు తమ భర్తలుండే ఊళ్ళను గురించి మాట్లాడుకుంటారట. "అక్కడ ఎట్లుంటదో ఏమో" అన్నదే ఆ మాటలన్నిటికీ ముగింపట. ఎట్లా ఉంటుందో తానే చూడాలని ఆమె అనుకున్నది. తక్కువపడిన డబ్బు నా జీతంలో మిగిల్చిన దానిలోనుంచి కలిపాము. అప్పు చేయలేదు.

బ్యాంకాకు, కౌలాలంపూరు, సింగపూరు అనే మూడు నగరాలు ఎన్నుకోవడానికి కారణముంది. 2023 నవంబరు నుండి థాయిలాండు, డిసెంబరు నుండి మలేషియా మనదేశపు యాత్రికులకు వీసా అవసరం లేకుండా చేశాయి. సింగపూరుకు మాత్రం ముందుగా వీసా తీసుకున్నాము. ఒక నగరానికి విమానంలో వెళ్ళి, అక్కడనుండి రైలులో, బస్సులో దక్షిణంగా దిగుతూ వచ్చి, మూడవ నగరం నుండి విమానంలో తిరిగి వస్తే ఖర్చు తగ్గుతుంది. పైగా ఒకే ఒక్క ఆదివారం సంఘానికి దూరంగా ఉంటే చాలు.

బ్యాంకాకు: నీళ్ళ మీద బస్సులు

ఆదివారం ఆరాధన ముగించుకొని రాత్రికి విమానమెక్కాము. హైదరాబాదు నుండి బ్యాంకాకుకు నాలుగు గంటల లోపే. ఆర్మూరు నుండి హైదరాబాదుకు బస్సులో పట్టే సమయం కూడా దాదాపు అంతే! విమానాశ్రయం పేరు సువర్ణభూమి. తమ రాజధానిని థాయి ప్రజలు బ్యాంకాకు అనరు, క్రుంగ్ థేప్ అంటారు. దేవతల నగరమని అర్థం. దాని పూర్తి పేరు చాలా పొడవైనది. అందులో మహానగరం, రత్నం, అయోధ్య వంటి మనకు తెలిసిన మాటలే వారి ఉచ్చారణలో వినిపిస్తాయి. 1782 నుండి ఇదే వారి రాజధాని.

విమానాశ్రయం నుండి నగరంలోకి రైలున్నది. టాక్సీవారిని దాటుకొని ఆ రైలెక్కి ప్రతూనామ్ అనే బట్టల బజారు దగ్గర చిన్న హోటలులో దిగాము. నా భార్యకు ఆ బజారే ఒక పాఠశాల అయింది. అక్కడ కట్టలు కట్టలుగా బట్టలు అమ్మేది, బేరమాడేది, లెక్క చూసేది ఎక్కువమంది ఆడవారే. భాష రాకపోయినా లెక్కల యంత్రం మీద అంకె నొక్కి చూపిస్తారు. మనం ఇంకొక అంకె నొక్కాలి. అట్లా మాట లేకుండానే బేరం కుదురుతుంది.

బ్యాంకాకులో రోడ్డు మీద బండి కదలదు. పేదవాడి తోవ నీటి మీద ఉన్నది. ప్రతూనామ్ పక్కనుండే శాన్ శాప్ కాలువలో పొడవాటి పడవలు బస్సులవలె పరుగెత్తుతాయి. టికెట్లిచ్చేవారు తలకు హెల్మెటు పెట్టుకొని, పడవ అంచు మీద నడుస్తూ డబ్బు తీసుకుంటారు. ఎదురుగా ఇంకొక పడవ వస్తే నీళ్ళు మీద పడకుండా, అంచున కూర్చున్నవారు తాడు లాగి ప్లాస్టిక్ పరదా పైకి ఎత్తాలి. అది ప్రయాణికుల పనే. మొదటిసారి మాకు తెలియలేదు. వెనుకనున్న ఒక పెద్దమ్మ చేయి చాచి తాడు లాగింది. రెండోసారి నా భార్య లాగింది. ఆ పెద్దమ్మ నవ్వి తల ఊపింది. నగరంలో మాకు దొరికిన మొదటి స్నేహం అదే.

చావో ప్రయా పెద్ద నది. దాని మీద నారింజ రంగు జెండా పడవకు ఎంత దూరమైనా పదహారు బాట్లు. అప్పట్లో బాటు రెండున్నర రూపాయలకు కొంచెం తక్కువ. రాజభవనం లోపల చూడడానికి మనిషికి 500 బాట్లు. ఇద్దరికీ కలిపి రెండువేల మూడువందల రూపాయలు దాటుతుంది. లెక్క వేసుకొని, బయటనుండి తెల్లని గోడలను, బంగారు గోపురాలను చూసి, ఆ డబ్బుతో రెండు రోజులు నదిలో, కాలువలో తిరిగాము. వీధి బండ్ల దగ్గర వేడివేడి అన్నం మీద వేయించిన గుడ్డు పెట్టి ఇస్తారు. చేపల పులుసు వాసన అలవాటు లేనివారికి అదే శరణ్యం. మామిడిపండు ముక్కలతో జిగురు బియ్యపు అన్నం మాత్రం ఇద్దరికీ బాగా నచ్చింది.

సరిహద్దు రైలు

బుధవారం సాయంత్రం దక్షిణానికి వెళ్ళే పడక రైలెక్కాము. సెలవులు కాబట్టి చాలా రోజుల ముందే టికెట్లు తీసుకున్నాము. తెల్లవారేసరికి కిటికీలో కొబ్బరి, రబ్బరు తోటలు కనిపించాయి. పదాంగ్ బేసార్ అనే స్టేషనులో రైలు ఆగుతుంది. ఒకే కట్టడంలో ముందు థాయి అధికారులు, తరువాత మలేషియా అధికారులు ముద్ర వేస్తారు. నాలుగడుగులు నడిచేసరికి దేశం మారింది, గడియారం ఒక గంట ముందుకు జరిగింది.

అక్కడనుండి మలేషియా వారి వేగపు రైలు అయిదు గంటలకు పైగా నడిచి కౌలాలంపూరు చేరుస్తుంది. మధ్యలో కెడా రాష్ట్రపు వరిపొలాలు కంటికి ఆనవు. "మన బోధన్ ఆయకట్టు లెక్కనే ఉన్నది" అన్నది నా భార్య. నిజమే. మన వైపు కూడా 1931లో నిజాంసాగరు పూర్తయ్యాక కోస్తా జిల్లాల రైతులు ఎంతోమంది వచ్చి స్థిరపడ్డారు. 1937లో స్థాపించిన చక్కెర కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. నీళ్ళు, పని ఉన్నచోటికి మనుషులు తరలిరావడం మన జిల్లాకు కొత్తగాదు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడ్డాక బోధన్ బిడ్డలు ఎంతమంది బయటికి దారిపట్టారో మీకు తెలిసినదే.

కౌలాలంపూరు: పసుపు ఆకుల కట్ట

రెండు నదులు కలిసిన బురద నేల అని ఈ ఊరి పేరుకు అర్థం. 1857లో తగరపు గనుల కోసం వచ్చినవారు వేసిన గుడిసెలతో మొదలైన ఊరు, ఇప్పుడు ఆకాశాన్నంటే మేడలతో నిండి ఉన్నది. 452 మీటర్ల జంట గోపురాలను 1998లో పూర్తి చేశారు. రాత్రి దీపాల వెలుగులో కింది తోటలో కూర్చొని చూడడానికి పైసా ఖర్చు లేదు. పైకెక్కడానికే టికెట్టు. మేము కిందనే కూర్చున్నాము.

మరునాడు ఉదయం చౌకిట్ అనే పాతబజారుకు వెళ్ళాము. కూరగాయలు, చేపలు, మసాలాల మధ్య నా భార్య ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక మలయా స్త్రీ పసుపు ఆకులను కట్టలు కట్టి అమ్ముతున్నది! మన ప్రాంతంలో పసుపు తవ్వడానికి ముందు ఆకు కోసి పక్కన పడవేస్తాము. ఆ జనవరిలో మా ఊరి చుట్టూ జరుగుతున్న పని అదే. ఇక్కడ ఆ ఆకును సన్నగా తరిగి, కొబ్బరిపాలలో ఉడికే మాంసంలో వేస్తారట. నా భార్య ఫోనులో మా ఊరి పసుపు చేను బొమ్మ చూపించింది. ఆమె కళ్ళు పెద్దవి చేసి చూసి, ఒక ఆకు ఊరకనే చేతిలో పెట్టింది. మనం పారవేసేది మరొకరి వంటలో రుచి అవుతుందని తెలుసుకోవడానికి మేము అంతదూరం పోవలసి వచ్చింది.

మధ్యాహ్నం బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో అరటాకు భోజనం చేశాము. ఒకప్పుడు నగరానికంతటికీ ఇటుకలు కాల్చిన చోటు కాబట్టి ఆ పేరు. మా తెలుగు మాటలు విని పక్క బల్ల మీది ఒక వృద్ధుడు "మీది ఏ ఊరండీ?" అన్నారు. వారి తాతగారు శ్రీకాకుళం వైపు నుండి వచ్చారట. ఆంగ్లేయుల కాలంలో ఆ తీరపు జిల్లాల నుండి ఎన్నో కుటుంబాలు రబ్బరు తోటలకు, పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలకు కూలికి వచ్చాయి. ఆ వృద్ధుడు ఆంధ్రదేశం ఎన్నడూ చూడలేదు. అయినా తెలుగు మరచిపోలేదు. "మా తాత ఒక్కడే వచ్చి ఉంటే భాష పోయేది. నాయనమ్మను తోడుకొని వచ్చాడు, అందుకని నిలిచింది" అన్నారు. ఆ మాట విని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

సింగపూరు: చక్కెర కలిపిన గోడలు

శనివారం బస్సులో బయలుదేరి, జొహోర్ బారు దాటి, సముద్రం మీది కట్ట మీదుగా సింగపూరులో ప్రవేశించాము. రెండు వైపులా బస్సు దిగి తనిఖీకి నడవాలి, సింగపూరు వైపు సామాను కూడా దింపుకోవాలి. పెట్టె చిన్నదైతే అక్కడ మేలు తెలుస్తుంది. ఈ దేశమంతా కలిపి మన ఇప్పటి నిజామాబాదు జిల్లాలో సుమారు ఆరో వంతు. 1965లో స్వతంత్రమైన ఆ చిన్న ద్వీపంలో ఇప్పుడు దాదాపు అరవై లక్షలమంది ఉన్నారు. మూడు నగరాలలో ఖరీదైనది ఇదే. అప్పట్లో ఒక్క డాలరు మనకు 62 రూపాయలు. అయితే బజారు భోజనశాలలలో నాలుగైదు డాలర్లకు కడుపు నిండుతుంది. సముద్రపు ఒడ్డున సింహపు తల, చేప తోక గల తెల్లని విగ్రహం, సాయంకాలం దీపాలతో వెలిగే ఉక్కు చెట్ల తోట ఉచితంగానే చూశాము.

ఆదివారం ఉదయం సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్‌లో ఆరాధనకు వెళ్ళాము. మన మెదకు కెథీడ్రల్ 1924లో ప్రతిష్ఠ అయింది. ఇది అంతకంటె పాతది, 1862లో ప్రతిష్ఠించారు. ఆ గోడలు తెల్లగా, చేతితో తడిమితే అద్దంవలె నున్నగా ఉన్నాయి. గుల్ల సున్నంలో గ్రుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో మెత్తగా నూరి పూసిన పూత అది. మద్రాసు సున్నమని దానికి పేరు. కట్టినవారు ఎవరు? మన దేశం నుండి ఓడలలో తెచ్చిన ఖైదీలు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి. ఆ గోడ మీద వారి పేరు ఒక్కటైనా లేదు. చక్కెర ఊరి పక్కనుండి వచ్చిన నేను ఆ గోడ మీద చేయి ఉంచి కాసేపు మౌనంగా నిలబడ్డాను.

ఆనాటి ఖైదీల సంగతి చరిత్ర అయింది. ఈనాడు ఆ నగరాన్ని కట్టేవారిని అదే సాయంత్రం కలుసుకున్నాము. ఆదివారం సాయంత్రం సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల వీధులలో ఇసుక వేస్తే రాలదు. తమిళులు, బంగ్లాదేశీయులు, మన తెలుగువారు, వారానికి ఒక్క సెలవు దొరికే పనివారందరూ అక్కడికే వస్తారు. మా సంఘపు తల్లి ఒకామె తన కుమారునికి ఇవ్వమని పండుగ సకినాల డబ్బా మా చేతికిచ్చింది. అతడు చెప్పిన చోటే నిలబడి ఉన్నాడు. "వందనాలు అయ్యగారూ, అమ్మగారూ, మంచిగున్నరా?" అని డబ్బా అందుకొని అక్కడే మూత తీసి వాసన చూశాడు. ఆ తరువాతగాని మాతో మాట్లాడలేకపోయాడు.

అతడు ఆరు సంవత్సరాలుగా మేడలు కట్టే పనిలో ఉన్నాడు. మేము ముందురోజు చూసిన సముద్రపు ఒడ్డును చూశావా అని అడిగితే, "లారీల పోతుంటే దూరంకెళ్ళి చూసిన" అన్నాడు. రైలు చార్జీ రెండు డాలర్లే. కాని ఒక్కడే వెళ్ళి చూడబుద్ధి కాలేదట. మేము వెంట తీసుకొని వెళ్ళాము. ఒడ్డున నిలబడి నా భార్య అతని ఇంటికి వీడియో ఫోను కలిపింది. దీపాలు, మేడలు, నీళ్ళు అన్నీ చూపించింది. ఊరిలోనున్న అతని భార్య అవన్నీ చూసి, "మంచిగున్నయి అమ్మగారూ. ఆయన పండే జాగ కూడ చూపియ్యుండ్రి" అన్నది. అతడు ఫోను తీసుకొని, "అది దూరం ఉంటది, అక్కడికి బయటోళ్ళను రానియ్యరు" అని నవ్వి మాట మార్చాడు.

ప్రియ పాఠకులారా, ఆ ఎనిమిది రోజులలో మేము చూసినవాటన్నిటికంటె ఆ ఒక్క మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆమె అడిగింది సింగపూరు అందాలను కాదు. తన భర్త జీవితంలో తనకు కనబడని సగభాగాన్ని అడిగింది. మన ఇళ్ళలో భర్త రెండేళ్ళకో, మూడేళ్ళకో ఒకసారి పెట్టెలతో వస్తాడు. సబ్బులు, సెంట్లు తెస్తాడు. అక్కడి ఎండ ఎట్లా ఉంటుందో, ఎన్ని మెట్లెక్కుతాడో, ఎవరితో కలిసి తింటాడో ఆమెకు తెలియదు. ఇక్కడ అత్తగారి జబ్బు, పిల్లల చదువు, బాకీలవారి మాటలు ఎట్లా మోసిందో అతనికి తెలియదు. ఒకరి ఊరు ఒకరు చూడని కాపురం అది. గొడవలు డబ్బు దగ్గర పుట్టినట్లు పైకి కనిపిస్తాయి. కాని నా దగ్గరకు మాట్లాడడానికి వచ్చిన కుటుంబాలలో ఎన్నోసార్లు అసలు మాట, "నేను పడేది నీకేం తెలుసు" అన్నదే.

తిరుగు విమానంలో నా భార్య, "మనం అలసిపోయినప్పుడు ఇద్దరం ఒక్కసారే అలసిపోయినం. అదే నాకు నచ్చింది" అన్నది. తప్పుదారిలో నడిచినా, చేపల పులుసు మింగలేకపోయినా, పసుపు ఆకు చూసినా ఇద్దరికీ అది ఒకే జ్ఞాపకం. ఇరవై ఏళ్ళ కాపురంలో మేము ఎన్నో బాధ్యతలు పంచుకున్నాము. ఒక ఆశ్చర్యాన్ని పంచుకోవడం మాత్రం అరుదు.

ఖర్చు, కొన్ని సలహాలు

అనేకులు అడిగారు కనుక లెక్క వ్రాస్తున్నాను. ఇద్దరికీ రానుపోను విమానాలకు నలభై వేలు, రైలు, బస్సులకు పదివేలు, ఏడు రాత్రులలో విమానం, పడక రైలు పోను అయిదు రాత్రుల బసకు పదిహేడు వేలు, వీసా, భోజనం, ఊళ్ళలో తిరుగుడు అన్నీ కలిపి లక్షకు కొంచెం తక్కువైంది. అటుకులు, పల్లీల పొడి, తొక్కు వెంట తీసుకువెళ్ళాము. ఉదయం భోజనం వాటితోనే గడిచింది. నగరపు రైలు మార్గాన్ని ముందుగా కాగితం మీద గీసి పెట్టుకుంటే టాక్సీ అవసరం రాదు. వీసా నియమాలు తరచుగా మారుతుంటాయి కాబట్టి బయలుదేరేముందు మళ్ళీ విచారించుకోవాలి.

లక్ష రూపాయలు మన ఇళ్ళలో చిన్న మాట కాదని నాకు తెలుసు. విదేశమే వెళ్ళాలని నేను చెప్పడం లేదు. పోచంపాడు ఆనకట్ట మనకు ఎంత దూరం? మెదకు కెథీడ్రల్ ఎంత దూరం? బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. భార్యాభర్తలు పెళ్ళికో, ఆసుపత్రికో కాక, ఊరకనే చూడడానికి సంవత్సరానికి ఒక్కరోజు కలిసి బయలుదేరితే చాలు.

బయటి దేశంలో పనిచేస్తున్న సోదరులకు మాత్రం ఒక మనవి. సింగపూరులో కూలిపని పర్మిట్టు మీద ఉన్నవారికి కుటుంబాన్ని దగ్గర పెట్టుకునే వీలు లేదు. కాని భార్య యాత్రికురాలిగా వీసా తీసుకొని కొద్దిరోజులు వచ్చి చూసి వెళ్ళవచ్చు. ఒక్కసారి సెలవుకు ఇంటికి తెచ్చే సామాను తగ్గించుకొని, ఆ డబ్బు దీనికి దాచండి. మీరు పడుకునే చోటు చూపలేకపోయినా, మీరు రోజూ నడిచే వీధి చూపండి.

నిజామాబాదులోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉన్నది. పది సంవత్సరాల పాస్‌పోర్టుకు మామూలు రుసుము 1,500 రూపాయలు. ఫారం నింపడం రానివారికి శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో నా భార్య సాయం చేస్తున్నది. ఇప్పటికి నలుగురు స్త్రీలు నింపించుకొని వెళ్ళారు. వారిలో సకినాలు పంపిన ఇంటి కోడలు కూడా ఉన్నది.